పదిహేనో ఫారం

ఆ వానాకాలం మేము స్టూళ్ళ కోసం రోడ్డెక్కాం. నవ్వొస్తే నవ్వండి. అప్పుడూ చాలామంది నవ్వారు. పుస్తకాలు కుట్టే బైండింగ్ షాపులో పొద్దస్తమానం పనిచేసే ఆడవాళ్ళు కూర్చోడానికి స్టూలు అడిగితే, అదేదో గొంతెమ్మ కోరికన్నట్టు చూశారు. అంతకు ముందు స్టూళ్ళుండేవి. కొత్త మేనేజరు వచ్చి, కూర్చుంటే నోళ్ళు లేస్తాయి, నోళ్ళు లేస్తే చేతులు ఆగుతాయి అని సూత్రం కనిపెట్టి, ఒక సెలవు రోజు చూసి వాటన్నిటినీ లారీకెక్కించేశాడు. మర్నాడు వచ్చి చూస్తే బల్లలున్నాయి, స్టూళ్ళు లేవు. నిలబడే మడతలు పెట్టాం. మాలో అందరికన్నా పెద్దామె, పెద్దమ్మ అంటాం, ఆమె కాళ్ళు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. ఆ మధ్యాహ్నం నేను చేతిలో మడత నొక్కే బద్ద బల్ల మీద పడేసి బయటికి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ రావడం లేదేమోనని భయం. గేటు దాటాక చూశాను. అందరూ వచ్చారు. అందరికన్నా చివర వదిన వచ్చింది. ఆవేశంలో నేను మర్చిపోయిన అన్నం డబ్బా కూడా పట్టుకొచ్చింది.

వదినంటే మా అన్న భార్య. అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆమె పుట్టింటికి పోలేదు, నేను పెళ్ళి చేసుకోలేదు. సైకిల్ షాపు మీద రెండు గదుల్లో ఇద్దరం కాపురం పెట్టాం, కాపురమనే అనాలి దాన్ని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో ఆ మాట అక్షరాలా నిజం. ఏ పనిలో చేరాలో, ఏ మీటింగుకి రావాలో, ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మానాలో నేను చెప్పేదాన్ని, ఆమె తలూపేది. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనేవాళ్ళు. నాలుక ఉందని, ఎవరికీ కనపడకుండా దాచుకుందని అర్ధమొగుణ్ణయిన నాకూ తెలియలేదు. ఆమె తప్ప నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఈ సంగతి మాత్రం తెలుసు. తెలిసినా దాని గురించి ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఇంటి గోడ గురించి ఎవరాలోచిస్తారు?

మేము బయటికొచ్చేసరికి బల్లల మీద ఒక ప్రేమ నవల ఉంది. అప్పట్లో దానికి పిచ్చి గిరాకీ. ఎక్కడ చూసినా అమ్మాయిలు అదే పట్టుకుని కనిపించేవాళ్ళు. మూడోసారో నాలుగోసారో వేస్తున్నారు, మా షాపుకి రావడం మాత్రం అదే మొదలు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చయి మా దగ్గరికొస్తాయి. దాన్ని మూడు మడతలు పెడితే ఒక ఫారం. అలాంటి ఫారాలు పదిహేను వరసగా కూర్చి, కుట్టి, కటింగ్ మిషన్ మీద అంచులు కోస్తే పుస్తకం. కోసేదాకా పేజీలు మడతల్లో మూసుకునే ఉంటాయి. మడతపెట్టేవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో ఫారం. ఆ పుస్తకం ఉన్నన్నాళ్ళూ ఆమెకు అదే. అందుకే మాలో ఎవరికీ ఏ పుస్తకమూ మొదటినుంచి చివరిదాకా తెలియదు. నా చదువూ అంతే. బడికి నేను పోయింది తక్కువ. పాడైపోయి పారేసిన కాగితాల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఒక దేశంలో జనం రాజుగారి కోటని ఎలా చుట్టుముట్టారో పసితనంలోనే చదివాను. గెలిచారో లేదో నాకు తెలిసేసరికి తల నెరిసింది.

గేటుకెదురుగా పాత గోడనానుకుని టార్పాలిన్ కట్టాం. మొదట్లో ఉత్సాహంగానే ఉంది. నినాదాలిచ్చాం, పాటలు పాడాం, మేనేజరుకి పేర్లు పెట్టాం. వాన పట్టుకుంది. టార్పాలిన్ మధ్యలో నీళ్ళ పొట్ట పడేది, దాన్ని కర్రతో ఎగదోస్తే ఎవరి నెత్తినో పడేది. పిల్లకి జ్వరమని ఒకరు, అత్తగారు తిడుతోందని ఒకరు, ఒక్కొక్కరే రావడం మానారు. నేను ఇంటింటికీ తిరిగి అరిచి పిలుచుకొచ్చేదాన్ని. అరిచి పిలుచుకొచ్చిన మనిషి మర్నాడు రాదు.

అలా చప్పగా కూర్చున్న ఒక పూట పెద్దమ్మ ఉన్నట్టుండి, కుర్చీలు బాగుచేసే ఆ పిల్ల ఏమైందో మీలో ఎవరికన్నా తెలుసా అని అడిగింది.

నవల్లో అమ్మాయి పని అది. విరిగిన పాత కుర్చీలకి అల్లిక అల్లి, జిగురేసి నిలబెడుతుంది. తన ఫారంలో ఆ పిల్ల బొటనవేలు కోసుకుని రక్తం కారుతుంటే, ఎవరో అబ్బాయి రుమాలు తీశాడట. అక్కడితో పెద్దమ్మ ఫారం అయిపోయింది. ఆ అబ్బాయి కట్టు కట్టాడా లేదా అని పాపం అప్పట్నుంచీ ఆమెకి అదే బెంగ. కట్టాడంది పక్కన కూర్చున్నామె. ఆరేళ్ళ కిందట పెళ్ళయినా ఆమెను మేమింకా కొత్తపెళ్ళికూతురనే అంటాం. కట్టడమే కాదు, కట్టు బాగా కట్టలేదని ఆ పిల్ల విప్పి మళ్ళీ కట్టుకుంది, నా ఫారంలో అదే మొదటి పేజీ అంది. అందరూ నవ్వారు. చాలా రోజులకి నవ్వారు. కుర్చీలు చేసే అమ్మాయయితే మన స్టూళ్ళ సంగతి ఆమెనే అడుగుదామని ఎవరో అన్నారు. అప్పుడు బయటపడింది, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆ నవల ముక్క ఒకటుంది. అచ్చు పాడైన కాగితాలు ఇంటికి తీసుకుపోతే మాలో ఎవరూ ఏమీ అనుకోరు. అలమర అరల్లో పరుస్తారు, పొయ్యి రాజేస్తారు, కుంటే బల్ల కాలి కింద పెడతారు.

మర్నాడు తలా ఒకటో రెండో ఫారాలు పట్టుకొచ్చారు. నూనె మరకలతో, పప్పు డబ్బా అడుగు గుండ్రంగా అచ్చుపడి, పద్నాలుగు ఫారాలూ వచ్చాయి. పదిహేనోది లేదు. మేము బయటికొచ్చేనాటికి అది ఇంకా అచ్చుగదిలోనే ఉంది. దాని మాట తర్వాత చూద్దామన్నారు. చదివే పని నాకు పడింది. గొంతు నాది కాబట్టి.

నాకా పుస్తకం సుతరామూ ఇష్టం లేదు. ఆ మాట చెప్పే మొదలుపెట్టాను. వంటింటి కత్తితో మడతలు కోసుకుంటూ, మధ్యమధ్య ఆగి ఉపన్యాసం ఇచ్చుకుంటూ చదివాను. ఆ అబ్బాయి ఎవరు? పాత వీధులు కొని, కూలగొట్టి, మేడలు లేపే కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఎవరి వీధి కూలగొట్టడానికి వచ్చాడు? ఆ పిల్ల షాపున్న వీధే. అలాంటివాడు విరిగిన కుర్చీ ఒకటి మోసుకొచ్చి నవ్వితే ఈవిడ పడిపోవాలా? వాడి జీతం ఎక్కణ్ణించి వస్తోందో ఒక్క పేజీలో అయినా ఉందా? వీధిలో వాళ్ళందరూ కలిసి ఒక కాగితం రాసి కంపెనీకి ఇవ్వొచ్చు కదా? నేనిలా అంటుంటే పెద్దమ్మ నా మోకాలి మీద తట్టి, నీ ప్రశ్నలు మేనేజరుకి దాచుకుని ముందు పేజీ తిప్పమనేది.

జనం పెరిగారు. జ్వరం వచ్చిన పిల్లలకి నయమయింది. అత్తగార్లు స్వయంగా వచ్చి వెనక కూర్చున్నారు. నేను తిట్టే పుస్తకం వల్ల నా సమ్మె నిలబడింది, ఆ ముక్క దాచుకోను.

ఇంకో ముక్క కూడా ఉంది. నాలుగో ఫారంలో ఒక చోట ఆ రచయిత్రి ఇలా రాసింది. ఆ పిల్ల షాపు మెట్లు పాత చెక్కమెట్లు. రోజూ ఎంతమందో ఎక్కుతారు, దిగుతారు. ఆమె తలెత్తదు. అతను ఎక్కేటప్పుడు కూడా తలెత్తదు, పని ఆపదు. అల్లే చేయి మాత్రం కాస్త నెమ్మదిస్తుంది. అంతే. ఆ వాక్యం దగ్గర ఆగాను. నీళ్ళు తాగి ముందుకి పోయాను. ఆ సాయంత్రం పుస్తకం తడవకుండా నేనే భద్రపరుస్తానని ఇంటికి పట్టుకెళ్ళాను. నిజానికి ఆ పేజీ మళ్ళీ చదువుకోడానికి. వాడు వీధులు కూలగొట్టే మనిషి, ఆవిడ తెలివితక్కువది, కథ అంతా పంచదార పాకం, అయినా చెయ్యి నెమ్మదిస్తుందన్న సంగతి ఈ రాసినామెకి ఎలా తెలిసింది? తెలిసినామె మిగతా చెత్తంతా ఎందుకు రాసింది? పుస్తకం మీద నాకు కోపం రెట్టింపయింది. మర్నాడు అందరికన్నా ముందు టార్పాలిన్ కిందికి చేరాను.

సాయంత్రం సైరన్ కూసి మగవాళ్ళు గేటులోంచి బయటికొచ్చేవాళ్ళు. అచ్చుగది, కటింగ్ గది మగవాళ్ళవి. స్టూళ్ళు ఆడవాళ్ళ గొడవ, మాకేం సంబంధమని వాళ్ళ సంఘం తీర్మానం చేసి కూర్చుంది. తలలు వంచుకుని మా ముందునుంచే పోయేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడు మాత్రం ఆగేవాడు. కటింగ్ మిషన్ మీద పనిచేసే మనిషి, కటింగాయన అంటాం. ఎడమచేతి చిటికెనవేలి కొస ఎప్పుడో మిషన్ పట్టుకుపోయింది. నలభై దాటినా ఒంటరివాడు, తాడూ బొంగరం లేదు. టార్పాలిన్ చివర గొడుగు ముడుచుకుని, సగం తడుస్తూ నిలబడి కథ వినేవాడు. లోపల పనిచేసి బయట కథలు వినేవాళ్ళని ఏమనాలి అని ఒకరోజు నేను చదువు మధ్యలో అందరికీ వినపడేలా అడిగాను. ఆయన తలదించుకున్నాడు, కదల్లేదు. నా పక్కన వదిన పాత చీరంచులకి కుట్లేసుకుంటోంది. ఆ వేళప్పుడు ఆమె సూది రోజూ కాస్త నెమ్మదించేది. వెలుతురు తగ్గి కుట్టు కనపడటం లేదేమో అనుకునేదాన్ని.

తొమ్మిది, పది ఫారాల దగ్గర పప్పులో కాలేశాం. ఆ రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి, మంచం కోళ్ళ కింద ఉండి నేల చెమ్మకి కింది అంచులు కుళ్ళిపోయాయి. పేజీల అంకెలన్నీ ఆ అంచుతోనే పోయాయి. ఏది ముందో తెలియక పదోది ముందు చదివేశాను. అందులో ఆ పిల్ల అబ్బాయిని క్షమించేస్తుంది. ఎందుకు క్షమించిందో ఎవరికీ అర్థం కాలేదు. వాడు అప్పటికి ఏ తప్పూ చెయ్యలేదు. కొత్తపెళ్ళికూతురు, మగాణ్ణి ఎందుకైనా మంచిదని ముందే క్షమించి పెట్టుకోవాలి అంది. నవ్వులు. రాసినామెకి మతిలేదు అన్నాను నేను.

అప్పుడు వదిన మాట్లాడింది. సమ్మె మొదలయ్యాక అందరిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ముందే క్షమించేసి ఉంటుంది. మనకి కావాల్సిన మనిషి ఏ తప్పు చేస్తాడో మనకి ముందే తెలుస్తుంది కదా. తెలిసే దగ్గర ఉంచుకుంటాం."

మర్నాడు మిగిలిపోయిన తొమ్మిదోది చదివితే సంగతి తేలింది. వీధి కూలగొట్టే కాగితం మీద వాడు సంతకం పెట్టింది అందులో ఉంది. వరస తప్పిందని అందరం పడిపడి నవ్వాం. వదిన నవ్వలేదు. సూదికి దారం ఎక్కిస్తోంది.

పద్నాలుగో ఫారం చివరి పేజీలో కూలగొట్టే బండ్లు వీధి చివరికి వస్తాయి. ఆ పిల్ల షాపు గుమ్మంలో నిలబడుతుంది. అతను బండి దిగి ఆమె వైపు నడుస్తాడు. ఆమె నోరు తెరిచి, అని ఉంది. అక్కడితో అయిపోయింది. పెద్దమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుని వెనక్కి తిప్పి చూసింది. ఇంతేనా అంది. ఇంతే, దుకాణాల్లో కాపీలు ఎప్పుడో అయిపోయాయి, మిగతాది ఆ గోడ అవతలుంది అన్నాను. అందరూ అచ్చుగది కిటికీల వైపు చూశారు. ఒక్క క్షణం, స్టూళ్ళకన్నా దానికోసమే లోపలికి పోయేట్టున్నారు.

రెండు రోజులు పోయాక, మధ్యాహ్నం అన్నాల వేళ, కటింగాయన గేటు దాటి తిన్నగా మా వైపు వచ్చాడు. వాన పడుతోంది, గొడుగు లేదు. టార్పాలిన్ కిందికొచ్చి చొక్కా గుండీలు రెండు విప్పి, లోపల్నుంచి ఒక ఫారం తీసి నా చేతిలో పెట్టాడు.

"చివరిది అక్కా. ఇవాళ పొద్దున్నే మిషన్ మీంచి దిగింది."

ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. పెద్దమ్మ రెండు చేతులూ చాపింది. నేను ఫారం పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి అలవాటు, నా బొటనవేలు దానంతటదే మడత మీదికి పోయింది. కాగితం మడిచి ఉంది. అచ్చుగది నుంచి కాగితాలు మడిచి రావు. మడత మా చేతి పని. మేము రోడ్డు మీదుండగా గేటు లోపల మడత పెట్టిన కాగితం ఉందంటే దానికి ఒకటే అర్థం.

"ఎవరు మడిచారు?"

"నేనే."

ఒంటికాలి మీద లేచాను. మా నోటి దగ్గర కూడు లాక్కుంటున్నావన్నాను. ఇన్నాళ్ళూ మాతో రాకపోగా, ఇప్పుడు మా చేతుల పని కూడా మొదలుపెట్టారా, లోపల ఎన్ని మడిచారు, ఎంతమంది మడుస్తున్నారు అని అడిగాను. ఆయన ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. మేము అడిగింది స్టూళ్ళు, కథలు కాదు, సమ్మె విరిచిన చేత్తో ఇచ్చింది ఏదీ మాకొద్దు, ముగింపైనా వద్దు అని గొంతు చించుకున్నాను. ఫారం తిరిగి ఆయన చేతిలో పెట్టాను. నా గొంతుకి గేటు దగ్గర వాచ్‌మన్ బయటికొచ్చాడు, మేనేజరు కిటికీ తెరిచాడు. కటింగాయన ఆ కాగితాన్ని మళ్ళీ చొక్కాలోకి దోపుకున్నాడు. వెళ్ళబోతూ వదిన వైపు చూశాడు. ఆమె కుట్టు వొళ్ళో పెట్టుకుని కాగితం వైపే చూస్తోంది.

ఆ సాయంత్రమే కంపెనీ కాగితం దొంగిలించాడని ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నేను సూత్రం తప్పలేదు. ఇప్పటికీ అదే అంటాను. సమ్మెలో ఒకరికి మినహాయింపు ఇస్తే గోనెసంచి కుట్టు విప్పినట్టే, మొత్తం జారిపోతుంది. కానీ టార్పాలిన్ కింద అందరూ నాకు వీపు తిప్పి కూర్చున్నారు. ముగింపుని ఇంటిదాకా రానిచ్చి మొహాన తలుపేశావు కదే అంది పెద్దమ్మ. ఆ మాటకి నాకు ఒళ్ళు మండి, ఎవరో రాసిన ముగింపు మనకెందుకు, మనమే కట్టుకుందాం, తలా ఒకటి చెప్పండి అన్నాను.

నాది నేను ముందు చెప్పాను. వీధి వీధంతా గుమ్మాల్లోకి వస్తుంది. కుర్చీలన్నీ బయటికి తెచ్చి బండ్లకి అడ్డంగా వేసుకుని కూర్చుంటారు. బండ్లు వెనక్కి పోతాయి. వాడూ వాటితోనే పోతాడు. చప్పట్లు కొట్టారు గానీ గట్టిగా కొట్టలేదు. పెద్దమ్మ ముగింపులో ఆ అబ్బాయికి పెద్ద జబ్బు చేసి ఆ పిల్ల చేతుల్లో బతుకుతాడు. కొత్తపెళ్ళికూతురికి పెళ్ళీ, కవల పిల్లలూ కావాలి. ఒకామె, వాడికి ఇదివరకే పెళ్ళయి ఉంటుంది చూస్తుండండి అంది. గొడవ గొడవగా ఉంది. ఎవరో, నువ్వు చెప్పు వదినా అన్నారు. నా వల్ల ఆమె అందరికీ వదినే.

వదిన కుట్టు మడిచి పక్కన పెట్టింది.

"ఆ పిల్ల అతని వెంట పోతుంది. వీధిలోవాళ్ళకి చెప్పే పోవాలనుకుంది. రోజూ చెబుదామనే నోరు తెరుస్తుంది. వాళ్ళ గొంతులు పెద్దవి. వినపడదు."

అందరూ నవ్వారు, ముగింపు అంటే అలా ఉండాలి అన్నారు. వాన టార్పాలిన్ మీద దరువేస్తోంది. నేను లేచి కర్రతో నీళ్ళ పొట్టని ఎగదోశాను. అవసరం లేకపోయినా ఇంకోసారి ఎగదోశాను.

స్టూళ్ళు వచ్చాయి. నవలకి బయట గిరాకీ అంతా ఇంతా కాదు, దుకాణాలవాళ్ళు మేనేజరు ప్రాణం తోడారు. ఓడిపోయానని ఒప్పుకోడం ఇష్టం లేక ఆయన ఇద్దరికి ఒక స్టూలు ఇచ్చాడు. గెలిచినట్టో ఓడినట్టో తెలియని గెలుపది. అయినా లోపలికి ఊరేగింపుగా పోయాం, పెద్దమ్మ స్టూలుని చంకనేసుకుని మరీ పోయింది. నాకూ వదినకీ కలిపి ఒకటి. కాసేపు ఆమె, కాసేపు నేను. నా వంతు వచ్చినప్పుడు స్టూలు వెచ్చగా ఉండేది.

మొదటి రోజు పనే పదిహేనో ఫారం. అందరికీ అదే పంచారు. చుట్టూ అందరూ మడతలు పెడుతూనే కనపడిన పేజీ కనపడినట్టు చదివేస్తున్నారు, ఒకరికొకరు అందిస్తున్నారు, అయ్యో అంటున్నారు, నే చెప్పలా అంటున్నారు. నేను చదవలేదు. మూల మూల కలిపి బద్దతో నొక్కడం, పక్కన పెట్టడం. మా చేతులకి కళ్ళక్కర్లేదు. వదిన కూడా చదవలేదు. గమనించాను.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం, ఇంట్లో, బట్టలు మడతపెడుతూ వదిన చెప్పింది. కటింగాయనకి వేరే ఊళ్ళో ప్రెస్సులో పని దొరికింది. రెండు గదుల ఇల్లు కూడా చూశాడు. తను కూడా వెళ్దామనుకుంటోంది. రిజిస్టరాఫీసులో సంతకాలు పెడతారు. నా మాట కావాలి.

ఎప్పట్నుంచి అని అడిగాను. స్టూళ్ళు ఉన్నప్పట్నుంచే అంది.

"ఆయన మనతో రాలేదు వదినా."

"రాలేదు. తర్వాత వచ్చాడు. వచ్చిన రోజు నువ్వు వెనక్కి పంపావు."

"మడత పెట్టుకొచ్చాడు. మన పని చేశాడు."

ఆమె చేతిలో చీర మంచం మీద పెట్టి నా వైపు తిరిగింది. నోట్లో నాలుక లేని మనిషి.

"ఆ మడత చూశావా నువ్వు? ఇన్నేళ్ళు మడతలు పెట్టావు, ఒక్కసారి చూశావా? మూలలు కలవలేదు. ఒక పక్క వేలెడు పైకుంది. పనికోసం మడిచేవాడు అలా మడుస్తాడా? అంత కాగితం మడవకుండా చొక్కాలో ఎలా పడుతుంది? ఒక్కటే మడిచాడు అమ్మాయ్. నేనడిగితే మడిచాడు."

  నీకు నా మీద కోపం ఉందా అని అడిగాను. అడిగిన తీరు కూడా నిలదీసినట్టే వచ్చింది.

"అదెప్పుడో అయిపోయింది. చొక్కాలో పెట్టుకొస్తానని ఆయనన్నప్పుడే, నువ్వు అరుస్తావని తెలుసు నాకు. అప్పుడే అయిపోయింది."

వెళ్ళమన్నాను. ఆమె తలూపింది, ఎప్పటిలాగే. ఇద్దరం కలిసి మిగతా బట్టలు మడిచాం. మూలలు సరిగ్గా కలిపాం.

ఆమె వెళ్ళిన తర్వాత మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, పక్కన మనిషి లేదు కాబట్టి స్టూలు మొత్తం నీదే, నీ పంతం నెగ్గింది కదా అన్నాడు. కూర్చున్నాను. దిగాల్సిన పని లేదు, వంతు లేదు. కూర్చుంటే చల్లగా ఉండేది.

ఇంట్లో ఒక గది చాలు, రెండోది తలుపేసి పెట్టాను. కింద సైకిల్ షాపులో గాలి కొట్టే చప్పుడు ఇంతకు ముందు వినపడేది కాదు, ఇప్పుడు వినపడుతుంది. మాట్లాడ్డానికి మనిషి లేక గోడకి ఉపన్యాసం చెప్పబోయి నన్ను నేను తిట్టుకున్నాను. ఒక సెలవు రోజు ఊసుపోక అలమర సర్దుతుంటే పద్నాలుగు ఫారాల కట్ట కింద పదిహేనోది కనిపించింది. ఆయన తెచ్చింది. తర్వాతెప్పుడో వదినకి ఇచ్చి ఉంటాడు, ఆమె ఇక్కడ వదిలి వెళ్ళింది. చేత్తో పట్టుకోగానే తెలిసింది, మూలలు కలవలేదు, ఒక పక్క వేలెడు పైకుంది. చెమటకో వానకో మధ్యలో కాస్త ఉబ్బింది. ఇంకో సంగతి కూడా చూశాను. మడతలు కొయ్యలేదు. పేజీలు మూసుకునే ఉన్నాయి. ఆవిడ ముగింపు చదవకుండానే వెళ్ళిపోయింది.

దాన్ని అలాగే ఉంచి దణ్ణం పెట్టుకునే మనిషిని కాదు నేను. వంటింటి కత్తి తెచ్చి కోశాను. కిటికీ దగ్గర కూర్చుని చదివాను. మడత వంకర కాబట్టి అక్షరాలన్నీ ఒక పక్కకి ఎక్కుతున్నట్టుంటాయి.

ముగింపు చెత్త. అతను బండ్లు వెనక్కి తిప్పేస్తాడు, ఉద్యోగం మానేస్తాడు, కంపెనీ యజమాని మనసు మారుతుంది, వీధికి రంగులు వేస్తారు. అతను ఆమె దగ్గర కుర్చీలు అల్లడం నేర్చుకుంటాడు. పక్క వీధి కూలిందా లేదా ఒక్క మాట లేదు. మేము టార్పాలిన్ కింద కట్టుకున్న ముగింపులు దీనికన్నా నయం. పెద్దమ్మ జబ్బు కూడా నయం. రాసినామె ఎదురుగా ఉంటే నాలుగు అడిగేదాన్ని. ఇంత అబద్ధం రాసి డబ్బు చేసుకోడానికి సిగ్గులేదా అని అడిగేదాన్ని. తర్వాత, నాలుగో ఫారంలో ఆ మెట్ల సంగతి నీకెవరు చెప్పారు, నువ్వు ఎవరి కోసం ఎదురుచూశావు అని అడిగేదాన్ని. ఏది ముందడుగుతానో తెలియదు.

చదివాక ఆ వంకర మడత చూస్తే చెయ్యి దురద పెట్టింది. ఏళ్ళ అలవాటు. విప్పి, మూలలు కలిపి, మడత వీపు మీద ఒక్కసారి నొక్కితే సరిపోతుంది, మిగతా పద్నాలుగింటితో సమంగా కూర్చుంటుంది. బద్ద తీసుకుని కాగితాలు బల్ల మీద పరిచాను.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో పైకి వస్తున్నారు.

తలెత్తలేదు. బద్ద పట్టుకున్న చేయి నెమ్మదించింది.

అడుగులు మా గుమ్మం దాటి పక్కింటి దాకా పోయాయి. తాళం తీసిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. నేను బద్ద పక్కన పెట్టాను. ఆ మడతని ఆ మడత మీదే మడిచి, వంకర వంకరగానే, కట్టలో అన్నిటికన్నా చివర పెట్టాను.